దూది సంగతి

ఇబ్రహీంపట్నం,
మంగళవారం.

చిరంజీవి నర్మదను అమ్మ మనసారా దీవించి రాస్తున్నది. ఇక్కడ నేను, బాపు, నాయనమ్మ క్షేమంగా ఉన్నాం. హాస్టల్లో నువ్వు వేళకు తింటూ ఆరోగ్యంగా ఉన్నావని నమ్ముతున్నాను.

నీ ఉత్తరం అందింది. ఫోన్ దగ్గర వెనక అమ్మాయిలు వరుసలో ఉంటారు, రెండు మాటలకే టైం అయిపోతుంది, అందుకే రాస్తున్నానన్నావు. మంచి పని చేశావు. ఫోన్లో చెప్పలేనివి నాకూ ఉన్నాయి. నీ దగ్గు తగ్గినందుకు సంతోషం. స్వెటర్ బాపుతో పంపిస్తాను. బాపు ఆటో ఎప్పటిలాగే ఎల్బీనగర్ దాకా తిరుగుతోంది. వానలకు తుర్కయాంజాల్ దగ్గర రోడ్డంతా గుంతలు పడి, ఇల్లు చేరేసరికి ఆయనకు నడుం పట్టేస్తోంది. నాయనమ్మ మోకాళ్ళ నొప్పులు అట్లాగే ఉన్నాయి.

ఇక నీ కుందేలు సంగతి. దూదికి విరేచనాలు మళ్ళీ ఎందుకు మొదలయ్యాయి, మందు సరిగ్గా వేయలేదా అని అడిగావు. వేశాం బిడ్డా. నువ్వు చూపించినట్లే, సూది లేని సిరంజితో, దవడ పక్కనుంచి కొంచెం కొంచెంగా పోశాను. మొదటిసారి తగ్గింది, గరిక కరకరా నమిలింది. కొన్నాళ్ళకే మళ్ళీ పొట్ట ఉబ్బి, వెనక బొచ్చంతా తడిసి అంటుకుపోయింది. మళ్ళీ మందు, మళ్ళీ తగ్గడం. ఆ తర్వాత మరోసారి వచ్చేసరికి వీపు నిమిరితే ఎముకలే చేతికి తగిలేవి.

పశువుల దవాఖానలో డాక్టరమ్మ దాని పెంటికలను మైక్రోస్కోప్ కింద చూసింది. కంటికి కనిపించని పురుగులట, పేగులను లోపల్నుంచి కొరికేస్తాయట. మందు తప్పేమీ కాదన్నది.

"మందు కడుపుల ఉన్నయాటినే చంపుతది. కింద పడ్డ పెంటికలు తడిల ఉంటె అండ్ల పురుగు ముదురుతది. ఇది ఆ జాగల తిరిగి కాళ్ళు నాకితె మల్ల లోపలికి పోతది. ఫినాయిల్‌కు చావది, మసిలిన నీళ్ళే పొయ్యాలె."

ఆ రోజు నుంచి పొద్దున లేస్తూనే నాకు అదే పని. దాని పెట్టెను వాకిట్లోకి లాగి, మసిలే నీళ్ళు పోసి రుద్ది, ఎండ వచ్చినప్పుడు ఎండలో, లేనప్పుడు ఫ్యాను కింద ఆరబెట్టేదాన్ని. అయినా తగ్గలేదు.

ఎందుకు తగ్గలేదో ఒక మధ్యాహ్నం తెలిసింది. కుట్టు పని తొందరగా అయిపోయి ఇంటికి వచ్చాను. ఇంటి వెనక నాయనమ్మ పీట మీద కూర్చుని ఉంది, దూది ఆమె ముందు గడ్డి మేస్తోంది. నేను పెట్టె ఊడ్చిన చెత్త రోజూ పోసే మూల అదే. నేను బయటికి పోగానే ఆమె దాన్ని వదిలేదట.

"రోజంత బోన్ల ఎట్లుంటది? జర కాళ్ళు సాపుకోనీయ్యి అని ఇడిసిన," అన్నది.

నేను అనరాని మాటలు అన్నాను. ఆమె రెండు పూటలు అన్నం ముట్టలేదు. తర్వాత ఆలోచిస్తే, ఆ చెత్త అక్కడ పోసిన చెయ్యి నాదేనని నాకే అర్థమైంది. నువ్వు వచ్చినప్పుడు నాయనమ్మను ఈ సంగతి అడగకు. నువ్వు హాస్టల్‌కు పోయినందుకే దానికి జబ్బు చేసిందా అని కూడా రాశావు. కాదు బిడ్డా. ఆ మాట మనసులోంచి తీసెయ్.

ఇప్పుడు చెప్పాల్సింది చెప్తాను. మొన్న శనివారం పొద్దున దూది మెడ వాల్చేసింది. టవల్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని బాపు ఆటో ఎక్కాను. బస్టాండు దాటకముందే దాని ఒళ్ళు ఒకసారి బిగుసుకుంది, అంతే. బాపుకు చెప్పలేదు. చెప్పినా ఆయన ఆపేవాడు కాదు, దవాఖాన దాకా తోలేవాడు.

మర్నాడు నువ్వు ఫోన్ చేసి తింటున్నదా అన్నావు. "అవ్ బిడ్డ, మంచిగనే తింటున్నది," అన్నాను. అప్పటికే దాన్ని ఇంటి వెనక పూడ్చేశాం. నీ గొంతు విన్నాక నోరు రాలేదు.

ఆ సాయంత్రమే బాపు ఇంకో తెల్ల కుందేలును కొనుక్కొచ్చాడు. అచ్చం దూదిలాగే ఉంది.

"పోరి దసరాకు వస్తది. పెట్టె ఖాళీగ చూస్తె తట్టుకోదు. గిదాన్ని చూస్తె ఏం తెల్వది," అన్నాడు.

పురుగు ఇంకా అంటుకుని ఉంటుందని నేను పాత పెట్టెను విరిచి పొయ్యిలో పెట్టాను. అది చూసి ఆయనకు కోపం వచ్చింది. కొత్తదాన్ని అట్టపెట్టెలోనే ఉంచి, దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరమ్మ చాలాసేపు చూసింది. దీని కడుపులోనూ అవే పురుగులున్నాయట, అమ్మేటప్పుడే ఉండి ఉంటాయట.

బాపు దుకాణంలో వాపస్ ఇచ్చేస్తానన్నాడు. నేను ఒప్పుకోలేదు.

"వాపస్ ఇస్తె ఆయన ఇంకో ఇంటికి అమ్ముతడు. ఆడ ఇంకో పిల్ల ఏడుస్తది," అన్నాను.

బాపు తల వంచుకుని బయటికి పోయాడు. తర్వాత గరిక కోసుకొచ్చి అట్టపెట్టె పక్కన పెట్టాడు.

అందుకని అది ఇక్కడే ఉంది. దూది అని పిలవడం లేదు, నీకు దూదిలాగా చూపించం కూడా. మందు వేస్తున్నాను, కింద అట్ట మారుస్తున్నాను, చెత్తను కాల్చేస్తున్నాను. నిన్న కొంచెం తిన్నది, ఈరోజు ముట్టలేదు. నువ్వు దీన్ని చూడనన్నా నాకు బాధ లేదు, నేను చూసుకుంటాను. కానీ ఇది బతుకుతుందని నీకు మాట ఇవ్వను బిడ్డా. ఉంటే ఉందని చెప్తాను, పోతే పోయిందనే చెప్తాను.

ఇట్లు,
నిన్ను తలుచుకుంటూ,
మీ అమ్మ
యశోద