వీరదుర్గ ముఖం

నవంబర్ 4, సోమవారం

డాక్టర్ ఆశాజ్యోతి గారు రోజూ రాయమన్నారు. రాజమండ్రిలో ఆవిడ క్లినిక్ నుంచి వస్తూ ఈ డైరీ కొన్నాం. కృతజ్ఞత చెప్పుకోదగ్గ విషయం రోజుకి ఒక్కటైనా రాయాలట. మనసు దేని మీద నిలబెడితే లోకం అలాగే కనిపిస్తుందట.

సరే. నేను బతికే ఉన్నాను.

నవంబర్ 5

కాఫీ బాగుంది. మా ఆయన వెంకటేష్ పెట్టాడు.

నవంబర్ 7

రాయడానికి కూర్చుంటే వెనక ఎవరో నిలబడి చదువుతున్నట్టుంటోంది. తడిచీర నుంచి నీళ్లు కారుతున్న చప్పుడు. తిరిగి చూస్తే ఎవరూ లేరు. నేల పొడిగానే ఉంది.

నవంబర్ 8, మధ్యాహ్నం

డాక్టర్ గారు ఆ రోజు జరిగింది కూడా రాయమన్నారు. రాస్తున్నాను.

ఏటి మధ్య లంకలోని స్కూలుకి నాకు ట్రాన్స్‌ఫర్ అయిన కొత్తలో జరిగింది. వరద తగ్గిందన్నారు. నడి గోదావరిలో పడవ ఇంజన్ ఆగిపోయింది. అడ్డం తిరిగింది, ఒరిగింది. తర్వాత అంతా నీళ్లే. ఒక చెయ్యి పసుపురంగు ప్లాస్టిక్ క్యాన్‌ని నా గుండెల మీదికి నెట్టింది. ఖాళీ క్యాన్, మూత గట్టిగా బిగించి ఉంది. అదే నన్ను తేల్చింది.

ఆ చెయ్యి చేపలమ్మే వీరదుర్గది. పేరు తర్వాత తెలిసింది. ఆమె మర్నాడు దొరికింది.

ముఖం గుర్తు రావడం లేదు. మట్టిగాజులున్న చెయ్యి, అంతే.

నవంబర్ 12

అన్నం వేడిగా ఉంది. ఆమె తినదు. పెరట్లో నందివర్ధనం పూసింది. ఆమె చూడదు. మంచిది ఏది రాసినా పక్కన ఈ రెండో వాక్యం తనంతట తనే వచ్చి కూర్చుంటోంది.

వెంకటేష్ చదివాడు. బతికావు కదా మంజూ, దాన్నే చూడు, అటు చూడకు అన్నాడు. పాపం, నా భయంతో తనూ చిక్కిపోయాడు.

నవంబర్ 16, శనివారం

వీరదుర్గ తల్లి వచ్చింది. సుబ్బాయమ్మ. రేవు దగ్గర అడిగి అడిగి, బస్సెక్కి రావులపాలెంలో మా ఇల్లు పట్టుకుంది. కుర్చీ వేసినా కూర్చోలేదు, గుమ్మం దగ్గరే నిలబడింది. చేతులు జోడించి థాంక్స్ చెప్పబోయాను. ఆ మాట నోట్లోనే ఆగిపోయింది. కూతురు చనిపోయినందుకు తల్లికి థాంక్స్ ఎలా చెబుతారు?

ఆవిడ అడిగింది ఒక్కటే. "ఆఖర్న మా పిల్లని చూసింది మీరేనంట కదండీ మేడమ్ గారూ. భయపడిందాండీ?"

గుర్తులేదన్నాను. ఆవిడ తలూపింది. మంచినీళ్లిస్తే తాగకుండా వెళ్లిపోయింది.

నవంబర్ 17

భయపడలేదని చెప్పెయ్, ముసలామెకి మనశ్శాంతిగా ఉంటుంది అంటున్నాడు వెంకటేష్. నిజమే కావచ్చు.

ఈరోజు కృతజ్ఞత ఏమీ రాయలేదు.

నవంబర్ 18, సోమవారం

రేవుకి వెళ్లాను. ఒక్కదాన్నే. పొద్దెక్కాక, మనుషులున్నప్పుడే. మెట్ల మీద కూర్చుని నీళ్లకేసి చూశాను. ఇన్నాళ్లూ బకెట్లో నీళ్లు కూడా చూడలేదు నేను. అయినా చూపు తిప్పలేదు.

అప్పుడు వచ్చింది ముఖం.

చిన్న ముఖం. ముక్కుకి రాయి లేని పుడక. కనుబొమ్మ మీద పాత గాటు. ముందు ఇద్దరం ఆ క్యాన్‌నే పట్టుకున్నాం. అది మునుగుతోంది. ఆమె దవడ వణుకుతోంది. పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. కళ్లనిండా బెదురు. అంత బెదురుతోనే నాకేసి చూసి, "దీన్నొదలకండి మేడమ్" అని క్యాన్‌ని నా వైపు నెట్టింది. తన చేతులు తీసేసింది.

భయపడింది. చాలా భయపడింది.

నవంబర్ 20

చెప్పాను.

రేవు వెనక సుబ్బాయమ్మ ఇంటి అరుగు మీద కూర్చుని, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. వణుకు, పళ్ల చప్పుడు, అన్నీ. ఆవిడ వలలో చిక్కు తీస్తూ వింది. అయ్యాక కూడా చిక్కే తీస్తూ ఉంది. తప్పు చేశానేమో, వెంకటేష్ చెప్పినట్టే చెప్పి ఉండాల్సిందేమో అనుకున్నాను.

అప్పుడంది. "దానికి చిన్నప్పట్నుంచీ నీళ్లంటే భయమేనండి. గంగపుత్రుల ఇంట్లో పుట్టి ఇదేంటే అని అందరూ నవ్వేవోరు. అందుకేనండి, పడవెక్కితే ఆ ఖాళీ క్యాన్ ఒళ్లో పెట్టుకునే కూర్చునేది. ఎవరికీ ఇచ్చేది కాదు."

గాలికి వల కదిలింది. ఆవిడ చేతులు కదల్లేదు.

"పరామర్శకొచ్చినోళ్లందరూ భయపడలేదనే చెప్పారండి. అది మా పిల్ల కాదనుకున్నాను. మీరొక్కరే మా పిల్లని చూశారు."

అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఎండెక్కేదాకా అక్కడే ఉన్నాను. చేపల పులుసుతో అన్నం పెట్టింది. ఇద్దరం తిన్నాం.

నవంబర్ 22

డాక్టర్ గారికి ఫోన్‌లో చెప్పాను. కృతజ్ఞత అంటే మంచివి ఏరుకోవడం అనుకున్నానండీ, ఇచ్చిన మనిషి ముఖం చూడకుండా ఎలా కుదురుతుంది అన్నాను. మళ్లీ స్కూల్లో ఎప్పుడు జాయినవుతారు అని ఆవిడ అడిగారు.

నవంబర్ 25, సోమవారం

స్కూలుకెళ్లడానికి పడవెక్కాను. సుబ్బాయమ్మ తోడొచ్చింది. నడి గోదావరిలో ఆవిడ పక్కకి వంగి, దోసిట్లో నీళ్లు తీసుకుని తాగింది. నాకేసి చూసింది.

నేనూ తాగాను. చల్లగా ఉన్నాయి.