మార్తక్క కరెంటు రోలు

తాండూరు,
3-1-1967

చెల్లెలు రాహేలమ్మకు అక్క మార్త దీవెనలు. ప్రభువు దయవల్ల ఇక్కడ అందరం తింటున్నాం, తిరుగుతున్నాం.

నిన్నటి ఉదయం సంగతి రాస్తాను. కోడి కూయగానే లేచాను. మోకాళ్లమీద ప్రార్థన చేసుకున్నాను. లేవడానికి మంచంకోడు పట్టుకున్నాను. పొయ్యి రాజేసి చాయ్ పెట్టుకున్నాను. పాలు తక్కువైతే నీళ్లు సర్దుకున్నాయి. వాకిట్లో బండలు కడిగాను. వికారాబాద్ రైలు కూత వేసి పోయింది. అప్పుడు పక్కింటి దేవమ్మ వచ్చి, ఎప్పటిలాగే మూతపెట్టిన గిన్నె చేతికిచ్చింది.

"మార్తక్కా, బేస్తవారం పెద్దేముల్ పోతున్న. బిడ్డకు నెలలు నిండినయ్. మళ్ల నెల దాంక రాను" అన్నది.

ఆ మాట వినగానే నాకు తెలిసింది, అమ్మ ఇచ్చిన రోలు అరిగిపోయిందని.

ఇరవై రెండున మన చర్చిలో కోత పండుగ. ఇరవై ఏండ్లుగా పండుగ బంతిలో కందిపప్పు తొక్కు నాది. రోలు ఇట్లా ఉంటే ఈసారి ఆ పని మన తమ్ముడు జంగప్ప భార్య శాంతవ్వకు పోతుంది. ఆమె కూడా ఏటా ఒక గిన్నె తెచ్చి నా గిన్నె పక్కనే పెడుతుంది. పోతే నాకేం బాధ లేదు. నాకు గర్వం లేదని నీకు తెలుసు. నేనే నీకు చాలాసార్లు చెప్పాను.

పట్నంలో కరెంటుతో తిరిగే రోలు వచ్చిందట, మిక్సర్ అంటారట. మన్నికైనది ఒకటి చూడు. అమ్మ రోలు డెబ్బై ఏండ్లు వచ్చింది. ఇది కనీసం నాకంటె ఒక రోజు ఎక్కువ రావాలి.

నిన్ను ప్రార్థనలో మరువని
అక్క మార్త

తా.క. శాంతవ్వకు తెలియనీయకు. ఆమె సంతోషం చూడగలను గాని, జాలి చూడలేను.


వికారాబాద్,
6-1-1967

అక్కకు రాహేలు వందనాలు చేసి రాసుకునేది.

రోలు అరిగితే రాయి కొట్టేవాణ్ణి పిలవాలి గాని మిషన్ ఎందుకక్కా? మా వీధిలో రోళ్లకు గంట్లు కొట్టే బిచ్చయ్యను రేపటి ప్యాసింజర్‌కు పంపుతున్నాను. ఒక పూటలో రోలు కొత్తదవుతుంది. నీ చేతి తొక్కు లేకుంటే అది కోత పండుగే కాదు.

మూడేండ్ల కింద బండమీద జారి పడ్డప్పుడు విరిగిన చెయ్యి బాగైందని రాశావు. అది చాలు నాకు.

నీ చెల్లెలు
రాహేలు

తా.క. మా ఇంటాయన అంటున్నాడు: "అరిగింది రోలు గాదే, మీ అక్క ఓపిక." బాగా తిట్టాను. నిజమైతే చెప్పు, తిట్లు వాపసు తీసుకుంటాను.


తాండూరు,
9-1-1967

రాహేలుకు అక్క దీవెనలు.

బిచ్చయ్య వచ్చాడు. పెరట్లోకి పోయాడు. రోట్లో కోడి కూర్చొని ఉంది, కింద పదకొండు గుడ్లు.

"గీ రోలు అరిగిందెక్కడ అమ్మా? గీన్ల తొక్కు నూరి ఎన్నేండ్లాయె?" అన్నాడు.

"కోడి నిన్న ఎక్కింది" అన్నాను. అది అబద్ధం కాదు. నిన్న కూడా ఎక్కింది.

కోడిని గంపలోకి మార్చి, పొద్దు వంగేదాకా గంట్లు కొట్టాడు. ఇప్పుడు రోలు అరిగిందని ఎవరికీ చెప్పలేను. అందుకే రాస్తున్నాను: గంట్లు మరీ లోతైనాయి. తొక్కులో రాతిపొడి వస్తుందేమోనని భయం. మిక్సర్ సంగతి చూడు. పండుగ పదమూడు రోజులే ఉంది.

అక్క మార్త

తా.క. బిచ్చయ్య మాటల్లో సగమే నమ్ము. ఏ సగమో అడగకు.


వికారాబాద్,
16-1-1967

అక్కకు రాహేలు కన్నీళ్లతో వందనాలు.

బిచ్చయ్య అంతా చెప్పాడు. చెయ్యి విరిగినప్పటి నుంచి రోలు పెద్దగా వాడడం లేదంటే, ఏటా పండుగకు ఒక్కరోజు నూరి, మిగిలిన దినాలు తొక్కు లేకుండా తింటున్నావన్నమాట! ఎందుకక్కా ఇంత ఉపవాసం? నాకు అన్నం దిగక జంగప్పకు కార్డు రాశాను. శాంతవ్వ రోజూ నీకు తొక్కు పంపుతుంది. కాదనకు.

బిచ్చయ్యను వెంటబెట్టుకొని పట్నం పోయాను. దుకాణంలో మూడు మిక్సర్లు పెట్టారు. రాయిని కొట్టి చూసినట్టే బిచ్చయ్య ఒక్కొక్కదాన్ని వేలితో కొట్టి చెవి పెట్టాడు. మొదటిది ఎత్తి చూసి, "గింత తేలికది గింజను నలగ్గొడ్తదా? గింజే దీన్ని నలగ్గొడ్తది" అన్నాడు. రెండోది తళతళలాడేది. దాని గాజు గిన్నెను కొట్టి, "పగులున్నది సేటూ" అన్నాడు. సేటు నవ్వి నీళ్లు పోశాడు. నీళ్లు సేటు ధోతీ మీద పడ్డాయి. మూడోది నల్లగా, బరువుగా, బర్రెదూడలా ఉంది. గిన్నె స్టీలుది. అడుగున నాలుగు బోల్టులు. "విప్పొచ్చు, మళ్ల బిగించొచ్చు. ఖరాబైతే బాగు చేసుకునేదే మన్నిక" అన్నాడు. అదే కొన్నాను. బిచ్చయ్యే మోసుకొని వస్తున్నాడు.

నిమిషం తిప్పితే నిమిషం ఆపాలట. లేకుంటే వేడెక్కుతుంది.

నీ చెల్లెలు
రాహేలు

తా.క. దీనికి మూడు రంధ్రాల ప్లగ్గు కావాలట. మీ ఇంట్లో ఉన్నది ఒక్క బల్బే కదా?


తాండూరు,
20-1-1967

రాహేలుకు అక్క దీవెనలు. కూర్చొని చదువు.

మూడు రంధ్రాల ప్లగ్గు మన వీధి మొత్తానికి చర్చిలోనే ఉంది, మైకు పక్కన. నిన్న తెల్లవారగానే ఎవరూ చూడకుండా మిక్సర్‌ను కొంగు కింద పెట్టుకొని పోయాను. అంత బరువుకు నా నడక చూసినవాళ్లు జాలిపడ్డారు. వేయించిన కందిపప్పు, ఎండుమిర్చి, ఎల్లిపాయ వేసి బోర్డు మీది బటన్, మిక్సర్ మీది బటన్ నొక్కాను. లారీ ఎక్కినంత చప్పుడు. నిమిషం తిప్పాను, నిమిషం ఆపాను. ఆపిన నిమిషం ఖాళీగా ఎందుకని ప్రార్థన చేసుకున్నాను. నాకు పైకి చెప్పుకునే అలవాటు.

"ప్రభువా, చెయ్యి విరిగినకాడి నుంచి రోలు ముట్టలేదు. మూడేండ్లు దేవమ్మ నూరిన తొక్కును నాదని చెప్పుకున్న. గర్వం నన్ను తిన్నది, తొక్కు సంఘం తిన్నది. క్షమించు."

మళ్లీ నిమిషం తిప్పాను. మళ్లీ నిమిషం చెప్పుకున్నాను. మొత్తం నాలుగు విడతలు.

ఆ బోర్డు మీద మిక్సర్‌కూ మైకుకూ ఒకటే బటన్ అని, మిక్సర్‌ను దాని బటన్‌తో ఆపినా మైకు ఆగదని నాకేం తెలుసు? చర్చి పైనున్న బాకాలోంచి నా పాపాలు రైల్వే స్టేషన్ దాకా పోయాయట. తలుపు తీస్తే మెట్లనిండా జనం. ముందు పాస్టరయ్య, వెనక జంగప్ప, పక్కన శాంతవ్వ.

శాంతవ్వ నవ్వుతుందనుకున్నాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడ్చింది.

"వదినా, నేను తెచ్చేది గూడ దేవమ్మ నూరిందే. నాకు తొక్కు నూర రాదు. నీకు పంపింది ఆమె పోతూ నాకు నింపి ఇచ్చిన జాడీలదే."

ఆ రుచి నాకెక్కడో తెలిసినట్టే ఉందని నాలుగు రోజులుగా అనుకుంటున్నాను! నా తొక్కు మేలా, శాంతవ్వది మేలా అని మూడేండ్లుగా రెండు పక్షాలై వాదించుకున్న సంఘమంతా తిన్నది ఒక్క చేతిదే. దేవమ్మ మాత్రం రెండు గిన్నెల మధ్య కూర్చొని, రెండూ బాగున్నాయని చెప్పేది.

సాయంత్రం మా ఇంట్లో అందరం కూర్చున్నాం. తీర్మానం ఇది. పండుగ బంతిలో జంగప్ప లేచి, మూడేండ్లుగా తొక్కు నూరింది దేవమ్మేనని చెబుతాడు. పప్పు వేయించేది శాంతవ్వ, బటన్ నొక్కేది నేను. మిక్సర్ చర్చిలోనే ఉంటుంది. చెయ్యి నొచ్చినవాళ్లు ఎవరైనా వచ్చి వాడుకోవచ్చు, దాచనక్కరలేదు. మైకు వైరు ముందు పీకాలి. నా చెయ్యి డాక్టరుకు చూపించడానికి సోమవారం నీ దగ్గరికి వస్తున్నాను.

గర్వం కొంచెం తగ్గిన
అక్క మార్త

తా.క. కోడి మళ్లీ రోట్లోకి ఎక్కింది. బిచ్చయ్య గంట్లు కొట్టినాక గుడ్లు దొర్లడం లేదు. దాన్ని లేపవద్దని కూడా ఆ సాయంత్రమే తీర్మానించాం.