పేగులు తీయని కోడి

దస్తగిరీ,

నువ్వు మక్తల్ నుంచి వచ్చేసరికి నేను పాలమూరు పశువుల దవాఖానల ఉంట. రొట్టెలు బుట్టల ఉన్నయి, తిను. షెడ్డుల తడిసిన ఊక ఎత్తి పారబోసి, ఎండినది పరువు. తూగుతున్న కోళ్లను వేరే పెట్టు. సచ్చేటట్టున్నదని దేన్నీ కోయకు, ఎవ్వరికీ అమ్మకు.

పోయిన వారం డాక్టరుకు చూపిచ్చేతందుకు నువ్వు కోళ్లను కోసి, ఈకలు పీకి, పేగులు తీసి, కడిగి తీసుకపోయినవు. మర్యాదకే చేసినవు గని, రోగం ఆ పేగులల్లనే ఉండె. అందుకే నిన్న నేను రెండు కోళ్లను పానంతోనే పట్టుకపోయిన. ఆయన కోసి చూస్తే పేగుల నిండ నెత్తురు. అది కంటికి కనబడని పురుగు పనట. గది మాకు ఎరుకే అని నేను లేవబోతే కూసోమన్నడు. గుండె మీద, కార్జం మీద మీగడ లెక్క తెల్లపొర చూపిచ్చిండు. అది ఇంకో రోగమట. మనం నెత్తురు రెట్టకే మందు పోసి ఊకున్నం, అందుకే సావులు ఆగలేదు. రెండోదానికి ఏ మందు పనిచేస్తదో ఇయ్యాల చెప్తడు.

ఈ బస్సులల్ల తిరిగి తిరిగి నా నడుము పోయింది.

అక్క

ఒక రోగం దొరికిందని ఆడనే ఆగొద్దన్నడు డాక్టరు. నీ దగ్గు బీడీలదే అని ఆర్నెల్ల సంది చెప్తున్నవు. ఈ నడుమ దగ్గేటప్పుడు నోటికి అడ్డం పెట్టుకునే దస్తీలు నువ్వే ఉతుక్కుంటున్నవు. సోమవారం పెద్ద దవాఖానకు పోదాం. ఒక దస్తీ ఉతకకుండ ఉంచు.