పాత హీరో పోయిననాడు కోడికూర బంద్

అక్కా,

ఇందుమూలంగా యావన్మందికి తెలియజేయునది ఏమనగా, ఈ రోజు మనింట్ల కోడికూర బంద్. నీ పాత హీరో పొద్దున పోయిండని టీవీల చెప్పిన్రు. సినిమావోళ్ళు గానీ మంత్రులు గానీ, ముసలోళ్ళకు బిరుదొస్తే పాయసం వండేదానివి, పోతే అందరితో తలస్నానం చేయించేదానివి. నువ్వు పోయినంక పోయిన మొదటోడు ఈయనే.

"గాయన మనకేమైతడే మరదలా, స్నానం చెయ్యనీకి?" అన్నడు మీ ఆయన.

"అక్క మనసు పడ్డోడు, నాకు ఇంకో బావే గదా!" అన్న.

బావ నవ్వి, పోయి గోదాట్ల మూడు మునకలేసొచ్చిండు.

మునకలు నేను కల్పించినయే అక్కా. బావ ఇంకా అరుగు మీదనే కూసున్నడు. నువ్వొచ్చి తిడితే తప్ప లేచేటట్టు లేడు.