రాక్షసగుడిలో పాప పలక

ఏలూరు, 1954 మార్చి 7, ఆదివారం రాత్రి

కొల్లేట్లో పడవ బోల్తాపడి మా పాప పోయి నెలయింది. శవం దొరకలేదు. కాస్త గాలి మారుతుందని బావమరిది బలవంతపెడితే, ఈవేళ మా ఆవిడ సుభద్రని తీసుకుని కొండ అడవిలోని రాక్షసగుళ్ళు చూడ్డానికి వెళ్ళాను. ఒక్కో గుడికీ నిలబెట్టిన నాలుగు బండల మీద పెద్ద బండ కప్పి ఉంది.

"పూర్వం వాళ్ళ సమాధులండి. పిల్లలకీ కట్టేవారంటండి," అన్నాడు దారి చూపిన ముసలాయన.

సుభద్ర సంచిలోంచి పాప పలక తీసింది. అది వెంట తెచ్చిందని నాకు తెలియదు. వంగి, ఒక గుడి లోపల మట్టిలో పెట్టింది.

"పాపకీ ఓ చోటుండాలి కదండీ," అంటూ కూలబడి, ఇన్నాళ్ళకి ఏడ్చింది.

నాకేమీ అనిపించలేదు. తిరుగు బస్సు ఎన్నింటికని ముసలాయన్ని అడిగాను. ఆ మాట సుభద్ర విన్నదేమో...