సంగటితో అంటించిన పుస్తకం

చెల్లెలు మల్లికి, అక్క వెంకటసుబ్బులు తల నిమిరి రాసేది.

కంటి ఆపరేషన్‌కు తోడు రమ్మన్నావు. ఫోన్లో అయితే నా నోటికి అబద్ధాలే వస్తాయి. అందుకే మూడో తరగతి చదువుతో కాగితం పట్టాను. చదివి వినిపించే హెలెనమ్మా, పక్కింటిదానివి, ఈ మాట మీ గడప దాటనియ్యకు.

రెండేళ్ళ కింద గిద్దలూరు వస్తానని నేను రాలేదు. నువ్వు వండుకొని కూర్చున్నావు. మేకకు జబ్బు చేసిందన్నాను. ఏ మేకకూ జబ్బు లేదు మల్లీ. నేను బస్సెక్కాను. దొడ్డి గడియ పెట్టానా లేదా, మేకలు ఎవరి చేలో పడ్డాయో అని ఆలోచించుకుంటూ గిద్దలూరు దాటిపోయాను. కొమరోలులో దించారు. ఎవరినైనా అడుగుదామంటే నోరు రాలేదు. అరుగు మీద కూర్చుంటే ఒకామె నన్ను అడుక్కునేదాన్ననుకొని చేతిలో ఇడ్లీ పొట్లం పెట్టింది. తిన్నాను కూడా. అప్పటినుంచి బస్సు హారన్ వింటే ఇంట్లోకి పోయి తలుపేసుకుంటాను. నీ మీద కోపమని అనుకుంటున్నావు. కోపం కాదే, సిగ్గు.

మార్కాపురంలో చదివే మనవరాలు స్రవంతికి ఒక్కదానికే ఇది చెప్పాను. సెలవులకు వచ్చినప్పుడు అది పాత నోటుబుక్కులో బొమ్మలు అంటించి ఇచ్చింది. స్క్రాప్‌బుక్ అంటారంట. ముందు మా ఊరి రోడ్డు, తర్వాత అర్ధవీడు, కంభం, చివర నీ ఫోటో.

"ఒక్కసారే గిద్దలూరు పోనక్కర్లేదు అవ్వా. యాడిదాకా పోతే ఆడిది ఒకటి తెచ్చి అంటించు" అంది.

"గమ్ము ఏదే?"

"సంగటి ఉండాది గదా."

రోడ్డు దాకా పోయి తంగేడు పువ్వు తెచ్చి అంటించాను. అర్ధవీడు పోయి బస్సు టికెట్టు అంటించాను. ఇక కంభం. ఆపరేషన్‌కు ఇంకా పద్దెనిమిది రోజులున్నాయి కదా. చూస్తాను.

మీ అక్క,
వెంకటసుబ్బులు


మల్లీ, నా తల్లీ,

కంభం కూడా పోయి వచ్చాను. ఆ టికెట్టూ అంటించాను. మొన్న నల్లమేక పుస్తకం తినేసింది. సంగటి వాసనకు పేజీకి పేజీ నమిలింది. తంగేడు పువ్వు, అర్ధవీడు, కంభం అన్నీ దాని కడుపులోకి పోయాయి. నీ ఫోటో ఒక్కటే లాక్కోగలిగాను. అందులోనూ ఒక చెవి పోయింది.

ఇంతకంటే అపశకునం ఏముంటుంది? నేను రాలేను. హెలెనమ్మనే తోడు తీసుకొని పో. స్రవంతికి ఫోన్ చేస్తే నవ్వింది. "మేక కాగితం తినింది గానీ నువ్వు పోయిన దారి తినలేదు గదా అవ్వా" అంది. దానికేం, చిన్నపిల్ల.

కంట్లో మందు చేతులు కడుక్కొనే వేసుకో. పొయ్యి దగ్గర కూర్చోవద్దు.

నీ పిరికి అక్క,
వెంకటసుబ్బులు


పక్క మంచం మీది మల్లికి,

మధ్యాహ్నం అన్నం తిని నిద్రపోతున్నావు. కంటి కట్టు రేపు విప్పుతారంట. ఈ ఉత్తరం హెలెనమ్మ చదవదు. ఎన్ని రోజులు పట్టినా నువ్వే చదువుకోవాలి.

మేక తిన్నది నిజమే. దాని ముందర పెట్టింది నేను. కంభం అయ్యాక మిగిలింది నీ పేజీ ఒక్కటే. పుస్తకమే లేకపోతే పోవాల్సిన పనీ ఉండదనుకున్నాను. మేకను కట్టేసిన గుంజ పక్కన దాన్ని పెట్టి నీళ్ళకు బయల్దేరాను. సగం దూరం పోయి మళ్ళీ పరిగెత్తుకొచ్చి నీ ఫోటో లాగాను. ఎందుకు లాగానో నాకే తెలియదు.

తర్వాత హెలెనమ్మ ఫోన్ చేసింది. "మల్లక్క ఆపరేషనే వద్దంటాది. మా అక్క రాకుంటే ఈ కన్ను ఎవురిని చూసేదానికి అంటాది" అంది. ఆ రాత్రంతా నాకు కునుకు లేదు. తెల్లారి మేకలను కోడలికి అప్పజెప్పి బయల్దేరాను.

కంభంలో బస్సు మారి కూర్చున్నానో లేదో, గిద్దలూరు వచ్చిందా అని కండక్టరును అడగడం మొదలుపెట్టాను. ఊరు దాటకముందే అయిదుసార్లు అడిగాను.

"గిద్దలూరు యాడికీ పోదు అవ్వా, నువ్వు కూర్చో" అన్నాడు.

బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. అడిగితే ఏమీ కాదే మల్లీ. రెండేళ్ళు భయపడింది దీనికా?

నీ గడపలో కాలు పెడితే నువ్వు నా మొహం కూడా చూడకుండా "మేకకు నయమయిందా?" అన్నావు. ఆ మాట పడాల్సిందే, పడ్డాను.

టికెట్టు కొంగుకు ముడి వేసి ఉంచాను. చెవి లేని నీ ఫోటో కూడా తెచ్చాను. కట్టు విప్పాక రెండూ చూసి, కొత్త కాగితం మీద నువ్వే అంటించు. సంగటి వద్దు. హెలెనమ్మ దగ్గర గమ్ముంది.

వచ్చేటప్పుడు దొడ్డి గడియ పెట్టానో లేదో గుర్తు లేదు. ఉండనీ.

నీ పక్కనే ఉన్న
అక్క