పన్నెండు ఖాళీ బకెట్లు

మార్చి 2, ఆదివారం

రేపటి నుంచి ఉపవాసకాలం. ఈస్టర్ దాకా యాభై రోజులు మాంసం లేదు, చేప లేదు, గుడ్డు లేదు. అందుకని ఈ మధ్యాహ్నం నలుగురు తినాల్సిన బాతుకూర ఇద్దరమే లాగించేశాం. మా ఆయన సాజు కల్లు కూడా మానేస్తానని సిలువ ముందు ఒట్టేశాడు.

"మరి నువ్వేం మానేస్తావ్ రెంజూ?" అన్నాడు.

"డిజైన్ మార్చడం మానేస్తా."

నవ్వీ నవ్వీ ఆయనకి పొలమారింది. నేనే మంచినీళ్ళు ఇచ్చా.

నవ్వనీ. ఎమ్మెస్సీ నర్సింగ్ థీసిస్ కోసం డిసెంబర్ నుంచి నాలుగు డిజైన్లు మార్చిన మాట నిజమే. మొదట సర్వే. తర్వాత పోల్చి చూడ్డం. తర్వాత ఒకే మనిషిని ఏడాది పాటు చూడ్డం (మనిషి వారంలో డిశ్చార్జ్ అయిపోయాడు). నాలుగోది ఏంటో నాకే గుర్తులేదు.

నా ప్రశ్న చాలా చిన్నది. పడుకునే ముందు గోరువెచ్చని నీళ్ళలో కాళ్ళు పెట్టుకుంటే ముసలివాళ్ళకి నిద్ర పడుతుందా? మా అమ్మమ్మని అడిగితే ఒక్క ముక్కలో చెప్పేది. నేను నూట ఇరవై పేజీల్లో చెప్పాలి.

మా గైడ్ ఏలియామ్మ మేడం ఆఖరి మాట చెప్పేసింది: "ఏప్రిల్ 22, పొద్దున పదింటికి లెక్కలన్నీ నా టేబుల్ మీద ఉండాలి. లేదంటే వచ్చే బ్యాచ్‌తో కూర్చో."

అంటే ఆరు నెలలు గోవిందా. జూన్‌లో కాలేజీలో ట్యూటర్ ఉద్యోగం ఇంకెవరికో పోతుంది. నాకు మళ్ళీ నైట్ డ్యూటీలు. తొమ్మిదేళ్ళు చేశా. పగలు పడుకుంటే నిద్ర రాదు, రాత్రి పడుకోనివ్వరు. ఇంక నా వల్ల కాదు దేవుడా, నిజంగా నా వల్ల కాదు.

మార్చి 3, సోమవారం

ఉ. 5:30 లేచా! పుస్తకం తెరిచా! అన్నిటికంటే గట్టి డిజైన్ ఏదో పట్టేశా!!

మా ఆసుపత్రిలో మగవాళ్ళ వార్డు ఒకటుంది. తుంటి విరిగినవాళ్ళు, పక్షవాతం నుంచి కోలుకుంటున్నవాళ్ళు నెలల తరబడి ఉంటారు. ఇరవై నాలుగు మంచాలు. చీటీలు తీస్తా. పన్నెండు మందికి నీళ్ళు, పన్నెండు మందికి ఏమీ లేదు. రోజూ పొద్దున నిద్రకి పదికి ఎన్ని మార్కులో అడుగుతా. రెండు గ్రూపుల్నీ పోలుస్తా.

ఎంత సులువు! ఇన్నాళ్ళూ నాకెందుకు తట్టలేదు?

మార్చి 7, శుక్రవారం

ఎథిక్స్ కమిటీ. ఏడుగురు. బయటి నుంచి వచ్చిన డాక్టర్ గారు కళ్ళజోడు సర్దుకున్నారు.

"తను ఏ గ్రూపులో ఉన్నాడో రోగికి తెలియకూడదు కదమ్మా?"

"కాళ్ళు నీళ్ళలో ఉంటే తెలిసిపోతుంది సార్."

"ఎలా తెలుస్తుంది?"

"తడుస్తాయి సార్."

రిటైర్డ్ వకీలు గారు కళ్ళకి గంతలు కట్టమన్నారు. చివరికి మదర్ సుపీరియర్ నోరు విప్పింది: "రెండో గ్రూపుకి కూడా బకెట్ ఇవ్వండి. ఖాళీది. ఇరవై నిమిషాలు అందులో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటారు. అప్పుడు ఇద్దరికీ సమానంగా ఉంటుంది."

బల్లలు చరిచారు. రాసేసుకున్నారు. సంతకాలు అయిపోయాయి.

ఇందులో ఘోరం ఏంటంటే, ఆ గదిలో కూర్చున్నంతసేపూ నాకూ అది సబబుగానే అనిపించింది.

మార్చి 15, శనివారం

ఇరవై నాలుగు ఎర్ర బకెట్లు కొన్నాం. సాజు టైర్లు చేరవేసే వ్యానులో వేసుకొచ్చాం. కొట్టువాడు ఇంట్లో పెళ్ళా అని అడిగాడు. "కాదు, పరిశోధన" అన్నా. పాపం, గబగబా బిల్లు రాసిచ్చాడు.

మార్చి 17, సోమవారం

మొదలు! బిస్కెట్ డబ్బాలో చీటీలు. నీళ్ళవాళ్ళు ఏడింటికి, ఖాళీవాళ్ళు ఏడున్నరకి. నీళ్ళవాళ్ళని ఆయా చూసుకుంటుంది. ఖాళీవాళ్ళు మధ్యలో లేచిపోతారేమోనని నేనే కాపలా.

తొమ్మిదో మంచం ఔసేప్ అప్పచ్చన్ (మా వైపు తాతల్ని అప్పచ్చన్ అనీ, పెద్దావిడల్ని చేడత్తి అనీ పిలుస్తాం). డెబ్భై ఎనిమిదేళ్ళు. జీవితమంతా రబ్బరు చెట్ల పాలు తీసి, చివరికి ఇంటి మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆయనకి ఖాళీ చీటీ పడింది.

"బకెట్ తెచ్చావు. నీళ్ళు మర్చిపోయావు" అన్నాడు.

"మర్చిపోలేదు అప్పచ్చా. మీకింతే."

"ఇదేం వైద్యం?"

"వైద్యం కాదు. పోలిక."

"ఎవరితో?"

ఎదురు మంచం చూపించా. అక్కడ వర్గీస్ అప్పచ్చన్ టైం అయిపోయినా తియ్యకుండా వేడినీళ్ళలో కాళ్ళు ఆడిస్తూ కళ్ళు మూసుకుని ఉన్నాడు. వీళ్ళిద్దరికీ నలభై ఏళ్ళుగా గట్టు తగాదా ఉందట. ఆ సంగతి చీటీలకి ఎలా తెలుస్తుంది?

"వాడికి వేడినీళ్ళు, నాకు గాలా!"

ఇరవై నిమిషాలు వాచీ చూస్తూ ఎదురుగా కూర్చున్నా. నన్ను తిట్టినంతసేపు తిట్టి, తర్వాత తెల్లారేలోపు నాలుగొందల చెట్లు గీసిన రోజుల గురించి మొదలెట్టాడు. నాకు తోచక మార్కుల కాగితం వెనకాల రాసుకున్నా.

మార్చి 20, గురువారం

ఉ. 6:30. మార్కులు అడగబోతే ఔసేప్ అప్పచ్చన్ కాళ్ళు మెత్తగా మెరుస్తున్నాయి! ఆరా తీశా. ఆయన భార్య త్రేస్య చేడత్తి పక్కనే చిన్న మంచం మీద పడుకుని ఆయన్ని చూసుకుంటుంది. నిన్న పదమూడో మంచం ఆవిడకి ఒక డబ్బా అరటికాయ చిప్స్ ఇచ్చి చీటీ మార్పించిందట.

"తప్పేముంది పిల్లా? వాళ్ళాయనకి వేడినీళ్ళు పడవట."

కనుక్కుంటే ఇంకో మూడు చీటీలు కూడా చేతులు మారాయి. ఒకటైతే మామిడికాయ పచ్చడికి. అన్నీ వెనక్కి మార్పించా. జరిగిన మూడు రోజుల సంగతి?

డిజైన్ మార్చలేదు. 'చీటీల పద్ధతి' అని రాసిన చోట 'దాదాపు చీటీల పద్ధతి' అని రాశా. పుస్తకంలో దానికీ ఒక పేరుంది. కాబట్టి తప్పు కాదు.

మార్చి 27, గురువారం

ఖాళీ గ్రూపు పన్నెండు మందీ వరసగా ఐదో రోజు రెండు మార్కులే వేశారు. ఒకడికి మూడు లేదు, ఒకడికి ఒకటి లేదు. అందరికీ రెండే!

"రెండా?" త్రేస్య చేడత్తి మండిపడింది. "రాత్రంతా రంపపు మిల్లు నడిపాడు ఈయన!"

"నువ్వు నా పెళ్ళానివి. నీ సాక్ష్యం చెల్లదు" అన్నాడు అప్పచ్చన్. "రెండు రాయమ్మాయ్."

రెండు రాశా. ఇంకేం చేయను?

సాజు కల్లు మానేసి ఇరవై ఐదు రోజులు. బుగ్గలు నిగనిగలాడుతున్నాయి. చూస్తుంటే ఒళ్ళు మండుతోంది.

ఏప్రిల్ 2, బుధవారం

సా. 7:30. సమ్మె!!

పన్నెండు బకెట్లూ బోర్లించి గుడి ఉత్సవంలో చెండ డోలు వాయించినట్టు వాయించారు. పక్షవాతం ఉన్న కుట్టప్పన్ అప్పచ్చన్ పడిపోయిన చెయ్యి పైకెత్తి, "ఖాళీ బకెట్ ఐక్యత వర్ధిల్లాలి!" అని అరిచాడు. ఆ చెయ్యి ఎత్తించాలని ఫిజియోథెరపీ అమ్మాయి నెల రోజులుగా బతిమాలుతోంది.

కోర్కెల పత్రం:
1. నీళ్ళు.
2. వర్గీస్ గ్రూపుకి ఇచ్చినంత వేడి.
3. నర్సు వాచీ చూడకూడదు.

చర్చలు నలభై నిమిషాలు. ఒప్పందం: తలా అర గ్లాసు. బకెట్ అడుగు తడుస్తుంది, కాళ్ళు తడవవు.

ఇది డిజైన్ మార్చడం కాదు. మోతాదు సర్దుబాటు. మూడో కోర్కె కూడా ఒప్పుకున్నా, వాచీ జేబులో పెట్టుకున్నా. వాళ్ళు చెప్పే కబుర్లు మాత్రం రోజూ కాగితాల వెనకాల రాసుకుంటూనే ఉన్నా.

ఏప్రిల్ 12, శనివారం

కొళుక్కట్ట శనివారం, అంటే కుడుముల పండగ. బెల్లం కొబ్బరి పెట్టి ఆవిరి మీద ఉడికించా. తొమ్మిది తిన్నా. ఉపవాసానికి భంగం కాదు, అందులో గుడ్డు లేదు.

మనసులో మూడు సార్లు డిజైన్ మార్చా. మనసులో మారిస్తే మార్చినట్టు కాదు. మేడంని అడగాలి. అడగను.

ఇంకా పది రోజులున్నాయి. నీళ్ళవాళ్ళకి సగటు ఏడు, ఖాళీవాళ్ళకి రెండు. రెండు ఎలా వచ్చిందో ఎవరూ అడగకపోతే గట్టెక్కినట్టే!

ఏప్రిల్ 17, పెసహా గురువారం

నన్నెవరైనా చంపేయండి.

ప్రభువు తన పన్నెండు మంది శిష్యులకి కడిగినట్టు, ప్రతి ఏడూ ఇదే రోజున మా ఆసుపత్రి ఫాదర్ వార్డుకొచ్చి పన్నెండు మంది రోగుల పాదాలు కడుగుతాడు. చిన్నప్పట్నుంచి చూస్తున్నా. ప్రతి ఏడూ! తేదీలు వేసుకున్నప్పుడు ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు. నాకు!

సా. 5:00. ఫాదర్ గుమ్మంలో నిలబడి పన్నెండు మంది ఎవరని అడిగాడు.

"మేం సిద్ధంగా ఉన్నాం ఫాదర్" అన్నాడు ఔసేప్ అప్పచ్చన్. "సరిగ్గా పన్నెండు మందిమి. నెల రోజులుగా మా కాళ్ళు ఎండిపోయి ఉన్నాయి."

పరిగెత్తా. "ఫాదర్, వీళ్ళు వద్దు! అటు పక్క వాళ్ళని కడగండి!"

ఫాదర్ నన్ను చూసిన చూపు నేను చచ్చేదాకా మర్చిపోను.

గోరువెచ్చని నీళ్ళు. పన్నెండు జతల కాళ్ళు. తుడిచి, ఒక్కొక్క పాదానికీ ముద్దు. కుట్టప్పన్ అప్పచ్చన్ ఏడ్చాడు. నేనూ ఏడ్చా, కానీ నా కారణం వేరు.

ఏప్రిల్ 18, గుడ్ ఫ్రైడే

ఉ. 6:30 మార్కులు. ఖాళీ గ్రూపు: పది, పది, పది, పది... పన్నెండూ పదే.

నీళ్ళ గ్రూపు: ఒకటి, సున్నా, ఒకటి. వర్గీస్ అప్పచ్చన్ దుప్పటి ముసుగు తన్ని పడుకుని లోపల్నుంచే అన్నాడు: "మాకు ఆయా కడిగింది. వాళ్ళకి ఫాదర్ కడిగి ముద్దు పెట్టాడు. ఇంక నిద్రెలా పడుతుంది?"

ఏప్రిల్ 20, ఈస్టర్

సాజు నెగ్గాడు. యాభై రోజులూ నెగ్గాడు. పూజ కాగానే కల్లు, అప్పం, బాతుకూర. నేను బాతు మీద పడి ఏడ్చా.

"ఊరుకోవే. నువ్వు కూడా మాట నిలబెట్టుకున్నావుగా" అన్నాడు. "డిజైన్ మార్చలేదుగా?"

"అదేగా నా ఏడుపు! మార్చి ఉంటే బాగుపడేదాన్ని!"

ఏప్రిల్ 22, మంగళవారం

ఉ. 10:00. కాగితాలన్నీ మేడం టేబుల్ మీద పెట్టా.

"ఈ గీతేంటి, పద్దెనిమిదిన ఒక్కసారిగా పైకెక్కింది?"

"ఫాదర్ మేడం."

"ఇది కింద పడిందేంటి?"

"అసూయ మేడం."

కళ్ళజోడు తీసింది. "నువ్వు ఐదు నెలలుగా డిజైన్ కోసం వెతుకుతున్నావు రెంజూ. నీకు ఏం తెలుసుకోవాలనుందో ఒక్కసారైనా వెతికావా? ఈ లెక్కలు పనికిరావు."

సరే, అయిపోయింది అనుకున్నా. ఆరు నెలలు. జూన్. నైట్ డ్యూటీలు. లేవబోయా.

మేడం కాగితాలు బోర్లా తిప్పింది. వెనకాల నా రాతలు. నాలుగొందల చెట్లు. కుట్టప్పన్ అప్పచ్చన్ చనిపోయిన తమ్ముడు. చీకట్లో రబ్బరు పాలు గిన్నెలో పడే చప్పుడు వినిపిస్తే తప్ప నిద్ర పట్టని మనిషి. ఒక్కో కాగితం తిప్పుతూ పావుగంట చదివింది.

"వీళ్ళు ఏ గ్రూపు?"

"ఖాళీ గ్రూపు మేడం."

"ఖాళీయా?" అంది. తర్వాత, "మే నెలాఖరు దాకా టైం ఇస్తున్నా. బకెట్ల సంగతి వదిలెయ్. మనుషులతో కూర్చో, అడుగు, చెప్పింది చెప్పినట్టు రాయి. అదీ పద్ధతే. జూన్ సంగతి జూన్‌లో చూద్దాం. ముందు అందరూ రెండు మార్కులే ఎందుకు వేశారో కనుక్కో."

సా. 7:30. కనుక్కున్నా.

"బాగా నిద్ర పట్టేది" ఔసేప్ అప్పచ్చన్ దుప్పటి అంచు నలుపుతూ ఒప్పుకున్నాడు. "మొదటి వారం నుంచే."

"మరి రెండని ఎందుకు చెప్పారు? నా బతుకు బజారున పడింది తెలుసా మీకు!"

"పది అంటే నయమైపోయిందని నువ్వు రావడం మానేస్తావు కదమ్మాయ్."

కుర్చీ ఇంకాస్త ముందుకి జరుపుకున్నా.

ఏప్రిల్ 23, బుధవారం

కొత్త ఒట్టు! ఈసారి పెన్నుతో, కొట్టివేతలు లేకుండా!

1. డిజైన్ మార్చను.
2. మార్కులు అడగను.
3. చెప్పేది మొత్తం వింటా, మొత్తం రాస్తా. ఒక్క ముక్క వదలను.

మొదటి మనిషి ఔసేప్ అప్పచ్చన్. ఆయన షరతు ఒక్కటే: రెండు బకెట్లు. రెండింట్లోనూ వేడినీళ్ళు. ఒకటి నాకు.

సా. 7:30. మొదలు. చెట్ల కథ మళ్ళీ మొదట్నుంచి. నీళ్ళు హాయిగా ఉన్నాయి. కత్తి ఎలా పట్టుకోవాలో చెబుతున్నాడు. రాస్తున్నా. కత్తి వాలుగా

ఏప్రిల్ 24, గురువారం

ఉ. 5:50. వార్డులో ప్రార్థన గంటకి మెలకువ వచ్చింది. కుర్చీలోనే ఉన్నా. ఒంటి మీద త్రేస్య చేడత్తి దుప్పటి. కాళ్ళు ఎవరో తుడిచారు. సాజు ఫోన్ చేస్తే, "లేపకు, పాపం పడుకోనీ" అని ఆవిడే చెప్పిందట. పది గంటలు! తొమ్మిదేళ్ళలో ఇంత నిద్ర ఎప్పుడు పోయానో గుర్తులేదు.

రాసింది రెండు లైన్లు. మూడో నియమం మొదటి రోజే మంటగలిసింది. ఈరోజు నుంచి మళ్ళీ మొదలు, గట్టిగా!

ఒడిలో పాత మార్కుల కాగితం ఉంది. అప్పచ్చన్ వంకర అక్షరాలతో నింపేశాడు.

పేరు: రెంజు. మంచం: కుర్చీ. గ్రూపు: నీళ్ళు. గురక: ఉంది. మార్కులు: రెండు.